పఠనం నుంచి అవగాహనకు: అనంతపురం పీఠభూమిలో ఇంగ్లిషు బోధన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

అనంతపురం కరువు పీఠభూమిలోని గ్రామీణ విద్యార్థికి ఇంగ్లిషు నిత్యవ్యవహార భాష కాదు. తరగతి గది దాటితే అది వాక్యంగా వినిపించదు. ఆ అర్థంలో అది ఇక్కడ విదేశీ భాష. అయితే పరీక్షావిధానం దానిని తృతీయ భాషగా, పాలనా ఉత్తర్వులు బోధనా మాధ్యమంగా, ప్రామాణిక పరీక్షలు విదేశీ భాషగా వేర్వేరుగా గుర్తిస్తున్నాయి. ఈ పొంతన లేని గుర్తింపుల వల్ల బోధనలో అర్థం జారిపోయి పఠనం మాత్రమే మిగులుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1823 నాటి బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ విద్యానివేదిక, గురజాడ 'కన్యాశుల్కం', తెలుగు - ఇంగ్లిషు భాషానిర్మాణ భేదాలు, ద్విభాషా పాఠ్యపుస్తకాలు - వీటిని ఆధారంగా చేసుకొని సమస్యను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: అనంతపురం, ఇంగ్లిషు బోధన, విదేశీ భాష, మాతృభాష, క్యాంప్‌బెల్ నివేదిక, అన్వయం, ద్విభాషా పాఠ్యపుస్తకం.

1. ఉపోద్ఘాతం

ఇంగ్లిషు కావాలా, తెలుగు కావాలా అన్న వివాదం తెలుగునాట చాలాకాలంగా సాగుతోంది. ఒక పక్షం ఇంగ్లిషును ఉపాధికి మార్గంగా, మరో పక్షం మాతృభాషకు ముప్పుగా చూస్తున్నాయి. ఈ రెండు పక్షాల వాదాల్లోనూ ఒక ప్రశ్న మరుగున పడుతోంది. ఇంగ్లిషును ఎలా నేర్పుతున్నారు? నేర్చుకుంటున్న విద్యార్థికి అందులో ఎంత అర్థమవుతోంది? భాషాభిమానం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. ఉపాధి గణాంకాలూ చెప్పలేవు. దానికి తరగతి గదిని, అందులోని వాక్యాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

ఈ పరిశీలనకు అనంతపురం ప్రాంతం తగిన క్షేత్రం. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే ఈ నేలపై వేరుశనగ సేద్యం, బోరుబావులు, వలసలు జీవనాన్ని నిర్ణయిస్తాయి. మడకశిర, రాయదుర్గం ప్రాంతాల్లో కన్నడం, కదిరి, హిందూపురం పట్టణాల్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ వినిపిస్తాయి. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడివడినా, భాషాపరంగా, వాతావరణపరంగా రెండు జిల్లాలూ ఒకే పీఠభూమి. ఈ వ్యాసంలో అనంతపురం అన్న మాట ఆ ఉమ్మడి ప్రాంతాన్ని సూచిస్తుంది.

2. ఒకే భాష - మూడు గుర్తింపులు

భాషాబోధన శాస్త్రంలో ద్వితీయ భాషకు, విదేశీ భాషకు మధ్య భేదం ముఖ్యమైనది. బడి బయట కూడా వ్యవహారంలో ఉండి, వింటూ పలుకుతూ అలవడేది ద్వితీయ భాష. బడిలో మాత్రమే ఎదురై, బయట వాడుకకు అవకాశం లేనిది విదేశీ భాష. దేశంలో ఇంగ్లిషును సాధారణంగా ద్వితీయ భాషగా పరిగణిస్తారు. నగరాల్లోని విద్యావంతుల కుటుంబాలకు ఇది వర్తిస్తుంది. కంబదూరు లేదా గుమ్మఘట్ట మండలంలోని ఒక పల్లెకు దీనిని వర్తింపజేయడం కష్టం.

రాష్ట్రంలోని విద్యావ్యవస్థ ఇంగ్లిషుకు మూడు గుర్తింపులు ఇచ్చింది. పదో తరగతి పరీక్షల్లో తెలుగు ప్రథమ భాష, హిందీ ద్వితీయ భాష, ఇంగ్లిషు తృతీయ భాష. 2019 నవంబరులో వెలువడిన 81, 85 సంఖ్యల ప్రభుత్వ ఉత్తర్వులు ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లిషును బోధనా మాధ్యమంగా నిర్ణయించాయి. 2020 ఏప్రిల్ 15న రాష్ట్ర హైకోర్టు ఆ ఉత్తర్వులను రద్దు చేసింది. ఆచరణలో మాధ్యమం మార్పు మాత్రం ఆగలేదు. 2023లో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను టోఫెల్ పరీక్షకు సిద్ధం చేయడానికి ఈటీఎస్ సంస్థతో ఒప్పందం కుదిరింది. టోఫెల్ అన్న సంక్షిప్త నామానికి 'విదేశీ భాషగా ఇంగ్లిషు పరీక్ష' అని అర్థం.

పరీక్ష పెట్టేటప్పుడు విదేశీ భాషగా అంగీకరించిన దానినే గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం బోధించే వాహికగా వినియోగించడంలో ఒక వైరుధ్యం ఉంది. విదేశీ భాష అయితే ముందు దానిని నేర్పాలి. మాధ్యమం అయితే అది ముందే వచ్చి ఉండాలి. ఈ రెండు దశల మధ్య పూరించవలసిన దూరాన్ని ఏ ఉత్తర్వూ స్పష్టంగా ప్రస్తావించలేదు. అది ఉపాధ్యాయుని భుజాన పడింది.

3. 1823 నాటి నివేదిక - ఒక గీటురాయి

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ వశమైన దత్తమండలాలకు థామస్ మన్రో 1807 వరకు కలెక్టరు. తరువాత మద్రాసు గవర్నరు అయిన మన్రో 1822లో ప్రెసిడెన్సీ అంతటా దేశీయ విద్యాస్థితిపై సమాచారం కోరాడు. దానికి సమాధానంగా బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. అనంతపురం జిల్లా 1882లో గానీ బళ్లారి నుంచి విడివడలేదు. కనుక ఆ నివేదిక ఈ పీఠభూమికి కూడా సంబంధించినదే.

ఆ లెక్క ప్రకారం జిల్లాలో 533 విద్యాస్థానాలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. బాలికలు 60 మంది మాత్రమే. భాషలవారీగా కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ 23, పారశీకం 21, తమిళం 4. సంస్కృత శాస్త్రాలు చెప్పే స్థానాలు 23. ఇంగ్లిషు బడి ఒక్కటే. ఇది బడుల లెక్క గనుక ఇళ్లలో సాగిన చదువు ఇందులో పూర్తిగా చేరి ఉండదు. అయినా రెండు సంగతులు స్పష్టం. ఈ నేల రెండు వందల ఏళ్ల కిందటే బహుభాషా క్షేత్రం. ఇంగ్లిషు అప్పటికి దాని అంచున మాత్రమే ఉంది.

అంకెల కంటే క్యాంప్‌బెల్ చేసిన గుణాత్మక పరిశీలన విలువైనది. బడిపిల్లలు వందలాది పద్యాలను తప్పులేకుండా వల్లిస్తారు గానీ, వాటి అర్థం విషయంలో వారికీ పలుకు నేర్చిన చిలుకకూ తేడా లేదని అతడు రాశాడు. కారణం కూడా చూపాడు. పుస్తకాల్లోని భాష వేరు, మాట్లాడే భాష వేరు. లిపి ఒకటే కావడం వల్ల విద్యార్థి చదవగలుగుతున్నాడు, తెలుసుకోలేకపోతున్నాడు. చదవగలగడమే తెలుసుకోవడంగా చలామణి అవుతోంది.

ఈ విమర్శ చేసినవాడు తెలుగు తెలియని అధికారి కాడు. క్యాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణాన్ని, 1821లో తెలుగు నిఘంటువును ప్రచురించాడు. ద్రావిడ భాషలు ప్రత్యేక కుటుంబమని నిరూపించిన ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ పీఠిక వెలువడింది ఆ వ్యాకరణ గ్రంథంలోనే. అంటే పరభాషను పెద్దవయసులో వ్యాకరణం ద్వారా, అర్థం ద్వారా నేర్చుకున్న వ్యక్తి చేసిన విమర్శ అది. అయితే అతని దృష్టికి పరిమితి లేకపోలేదు. ధారణను కేవలం యాంత్రిక క్రియగా చూశాడు. కంఠస్థమైన పద్యం వయసు పెరిగే కొద్దీ అర్థాన్నిస్తుందన్న మౌఖిక సంప్రదాయ తర్కాన్ని గుర్తించలేదు. పద్యం విషయంలో ఆ తర్కం చెల్లుతుంది. విద్యార్థి చుట్టూ ఉన్న పురాణశ్రవణం, భజన, నాటకం తర్వాతి కాలంలో ఆ అర్థాన్ని అందించగలవు. ఇంగ్లిషులో కంఠస్థం చేసిన విజ్ఞానశాస్త్ర సమాధానానికి అటువంటి పరిసరం లేదు. పరీక్ష ముగిసిన తర్వాత అది తిరిగి ఎక్కడా వినిపించదు. కాబట్టి పద్యానికి కొంత కఠినమనిపించే క్యాంప్‌బెల్ విమర్శ నేటి ఇంగ్లిషు తరగతికి ఎక్కువగా వర్తిస్తుంది.

పుస్తక భాషకు, వాడుక భాషకు ఉన్న ఈ ఎడాన్ని తెలుగు విషయంలో తొలగించడానికి 1906 తర్వాత గిడుగు రామమూర్తి ప్రభృతులు వ్యావహారిక భాషోద్యమం నడిపారు. ఇంగ్లిషు బోధనా పద్ధతులతో పరిచయం ఉన్న పాఠశాలల పర్యవేక్షణాధికారి జె.ఏ. యేట్స్ అందులో పాలుపంచుకున్నాడు. అర్థమయ్యే భాషలోనే చదువు సాగాలన్న సూత్రం తెలుగు బోధనలో ముందుకు వచ్చిన ఒక శతాబ్దానికి, అదే సూత్రం మాధ్యమం మార్పుతో మళ్లీ ప్రశ్నార్థకమైంది.

4. 'కన్యాశుల్కం'లో ఇంగ్లిషు పాఠం

అర్థరహిత ఇంగ్లిషు చదువుపై తెలుగులో వచ్చిన తొలి గట్టి విమర్శ పరిశోధన వ్యాసంలో కాక నాటకంలో వెలువడింది. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమగ్రంగా మారిన 'కన్యాశుల్కం'లో గిరీశం వెంకటేశానికి ఇంగ్లిషు గురువు. వెంకమ్మ కోరిక మీద గురుశిష్యులు ఇంగ్లిషులో సంభాషించే సన్నివేశం ప్రసిద్ధం. అక్కడ సంభాషణ లేదు. ఒకదానితో ఒకటి పొసగని పాఠ్యపుస్తకపు ముక్కలు ఉన్నాయి. తల్లి మాత్రం కొడుకు చదువు చూసి మురిసిపోతుంది.

ఈ సన్నివేశాన్ని గిరీశం వంచనాశీలానికి నిదర్శనంగా వ్యాఖ్యానించడం పరిపాటి. బోధనాశాస్త్ర దృష్టితో చూస్తే అక్కడ మరో అంశం బయటపడుతుంది. వంచన సాధ్యపడింది గిరీశం నేర్పు వల్ల మాత్రమే కాదు. ఫలితాన్ని పరీక్షించగల స్థితిలో తల్లి లేకపోవడం వల్ల. ఇంగ్లిషు వినిపించడమే ఇంగ్లిషు రావడంగా ఆమె స్వీకరించింది. కూలి డబ్బుతో ప్రైవేటు బడికి రుసుము చెల్లించే నేటి తల్లిదండ్రుల స్థితి దీనికి భిన్నం కాదు. గురజాడ హాస్యం తల్లి అమాయకత్వాన్ని ఎత్తిపొడవడం లేదు. ఆమె ఆశను సొమ్ము చేసుకునే చదువును ఎత్తిచూపుతోంది.

5. భాషానిర్మాణం దగ్గర చిక్కులు

ఇంగ్లిషు తరగతిలో విద్యార్థి చేసే దోషాల్లో చాలా వరకు అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు. మాతృభాషా నియమాలను విశ్వాసంతో పాటించడం వల్ల వచ్చినవి. ముఖ్యమైన కొన్నింటిని పరిశీలించవచ్చు.

లిపి: తెలుగులో అక్షరానికి, ధ్వనికి సంబంధం దాదాపు స్థిరం. చదవడం వస్తే పలకడం వచ్చినట్టే. ఇంగ్లిషులో ఒకే అక్షరం వేర్వేరు ధ్వనులనిస్తుంది, కొన్నిసార్లు పలకదు. తెలుగు లిపి అలవాటున్న విద్యార్థికి ఇది క్రమరాహిత్యంగా తోచి, వర్ణక్రమాన్ని కంఠస్థం చేయడమే శరణ్యమవుతుంది.

ధ్వని: తెలుగు ప్రధానంగా అజంత భాష. బస్సు, కారు, బల్బు అని పదాంతంలో అచ్చు చేరడం భాషా స్వభావం. ఇదే అలవాటు ఇంగ్లిషు వాక్యంలోకి వచ్చినప్పుడు నవ్వులపాలవుతుంది. నవ్వుకు వెరచిన విద్యార్థి నోరు విప్పడం మానుకుంటాడు.

క్రియ: 'వాడు వస్తాడు' అన్న వాక్యం తెలుగులో అలవాటునూ భవిష్యత్తునూ తెలుపుతుంది. ఇంగ్లిషులో రెండింటికీ రూపాలు వేరు. 'అతడు రైతు' అన్న వాక్యంలో క్రియాపదమే లేదు. ఇంగ్లిషు దానిని కోరుతుంది. 'నాకు ఆకలిగా ఉంది' అన్నప్పుడు ఆకలి కలిగిన వ్యక్తి తెలుగులో చతుర్థీ విభక్తిలో ఉంటాడు. ఇంగ్లిషులో కర్తగా నిలవాలి.

సర్వనామం: 'మనం', 'మేము' అన్న భేదం ఇంగ్లిషులో లేదు. 'నువ్వు', 'మీరు' అన్న భేదమూ లేదు. అయ్యవారిని స్నేహితునితో సమానంగా ఒకే మాటతో సంబోధించవలసి రావడం గ్రామీణ విద్యార్థికి వ్యాకరణ సమస్య కాదు, మర్యాద సమస్య. అందుకే చాలామంది ఆ సర్వనామాన్ని తప్పించి 'సార్', 'మేడమ్' అన్న సంబోధనలతో వాక్యం ముగిస్తారు. దీనిని భాషాలోపంగా కాక, సంస్కారం భాషను అడ్డగించిన సందర్భంగా గ్రహించాలి.

ఈ భేదాలను తులనాత్మకంగా వివరించడానికి తెలుగు అవసరం. ఇంగ్లిషు తరగతిలో తెలుగు వినపడరాదన్న నియమం ఉపాధ్యాయుని చేతిలోని ఈ సాధనాన్నే తీసివేస్తుంది.

6. కరువు నేర్పిన ఇంగ్లిషు

అనంతపురం పల్లెకు ఇంగ్లిషు వాక్యం కొత్త గానీ ఇంగ్లిషు పదం కొత్త కాదు. బోరు, మోటారు, ట్రాన్స్‌ఫార్మరు, డ్రిప్పు, సబ్సిడీ, ఇన్సూరెన్సు, లోను - ఇవన్నీ అక్షరజ్ఞానం లేని రైతు కూడా కచ్చితమైన అర్థంతో వాడే పదాలు. 'బోరు ఫెయిలైంది' అన్న రెండు మాటల్లో ఒక కుటుంబం అప్పు, వలస, చదువు మానివేత ఇమిడి ఉంటాయి. ఈ పదాలను ఎవరూ పాఠంగా చెప్పలేదు. అవసరం నేర్పింది. అర్థం ముందు వచ్చి, పదం వెనుక వచ్చింది. పాఠశాలలో క్రమం తలకిందులవుతుంది. పదం ముందు వస్తుంది, అర్థం చాలాసార్లు రాదు.

ఒక ఉదాహరణ చాలు. 'వాన వస్తే విత్తనం వేస్తాం' అన్న వాక్యాన్ని ఇంగ్లిషులోకి మార్చాలంటే 'ఇఫ్' వాడాలా, 'వెన్' వాడాలా అన్న నిర్ణయం అవసరం. రుతువులు తప్పని ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకున్న పాఠం 'వెన్' వాడుతుంది. అక్కడ వాన వస్తుందన్న నిశ్చయం ఉంది. పదును కోసం జూన్, జూలై నెలలంతా ఆకాశం వైపు చూసే కుటుంబంలోని విద్యార్థికి 'ఇఫ్' తప్ప మరొకటి తోచదు. 'వస్తే', 'వచ్చినప్పుడు' అన్న తెలుగు రూపాల మధ్య తేడా అతనికి బతుకు ద్వారా తెలుసు. ఆ తేడా నుంచి మొదలుపెడితే సందేహార్థక వాక్యం వ్యాకరణ సూత్రంగా కాక అనుభవంగా అందుతుంది.

కరువు ప్రభావం పాఠ్యాంశంతో ఆగదు. పనుల కోసం కుటుంబాలు బెంగళూరుకు, ఇతర ప్రాంతాలకు తరలిపోతే విద్యార్థి నెలల తరబడి బడికి దూరమవుతాడు. లేదా అవ్వాతాతల దగ్గర, వసతి గృహంలో మిగిలిపోతాడు. భాషాబోధన సోపానక్రమంలో సాగేది. మధ్య మెట్లు తప్పినవాడు తిరిగి వచ్చినప్పుడు సమూహంతో కలిసి వల్లించగలడు గానీ ఒంటరిగా వాక్యం కూర్చలేడు. పేదరికం పెరిగిన కొద్దీ పిల్లల శ్రమ కుటుంబాలకు అవసరమై బడులు క్షీణిస్తున్నాయని క్యాంప్‌బెల్ 1823లోనే గుర్తించాడు. రెండు శతాబ్దాల తర్వాత బడులు పెరిగాయి. హాజరు పట్టీకి, పొలానికి మధ్య ఉన్న ఆ సంబంధం పూర్తిగా తెగలేదు.

7. ద్విభాషా పాఠ్యపుస్తకం - గుణదోష విచారణ

మాధ్యమం మార్పు తర్వాత రాష్ట్రంలో ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశపెట్టారు. ఒక పుటలో ఇంగ్లిషు, ఎదురుపుటలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. తెలుగును తరగతి గది నుంచి పూర్తిగా తొలగించలేమన్న వాస్తవాన్ని అంగీకరించిన ప్రయత్నంగా ఇది ఆహ్వానించదగినది. ఇంట్లో పెద్దలు చదువుకున్నవారైతే వారికీ ఉపయోగపడుతుంది.

లోపాలు రెండు. మొదటిది, ఎదురుపుటలోని తెలుగు విద్యార్థి ఇంటి తెలుగు కాదు. 'ఫోటోసింథసిస్' ఎంత అపరిచితమో 'కిరణజన్య సంయోగక్రియ' కూడా అంతే అపరిచితం. ఒక కొత్త మాటకు మరో కొత్త మాటను అర్థంగా ఇవ్వడం వల్ల చిలుక రెండు పలుకులు నేర్చుకుంటుంది. మడకశిర ప్రాంతంలో ఇంట కన్నడం మాట్లాడే విద్యార్థికి, తండాలోని విద్యార్థికి రెండు పుటలూ పరభాషలే.

రెండవది, రెండు పుటలు పక్కపక్కన ఉన్నాయి గానీ వాటిని కలిపే వంతెన పుస్తకంలో లేదు. ఈ వంతెనకు తెలుగు బోధనా సంప్రదాయంలోనే పేరుంది. పదచ్ఛేదం, అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం అన్న క్రమంలో కావ్యపాఠం చెప్పడం మన పండితులకు అలవాటు. నేటి ఇంగ్లిషు పాఠం తరచుగా ప్రతిపదార్థంతో ఆగుతోంది. ఒక్కొక్క ఇంగ్లిషు మాటకు తెలుగు మాట చెప్పి ముందుకు సాగుతారు. వాక్యంలో ఏ పదం దేనితో సంబంధం కలిగి ఉందో, క్రియ ఎందుకు మధ్యలోకి వచ్చిందో చూపే అన్వయం లోపిస్తుంది. కర్త - కర్మ - క్రియ వరుసకు అలవాటుపడిన విద్యార్థికి కర్త - క్రియ - కర్మ వరుసను చూపే పని అన్వయమే చేయగలదు. తాత్పర్యాన్ని విద్యార్థి తన ఇంటి మాటలో చెప్పగలిగిన రోజున పాఠం పూర్తయినట్టు.

బోధన అర్థంపై కేంద్రీకృతమైనప్పుడే నిర్మాణం అలవడుతుందని ఎన్.ఎస్. ప్రభు 1979 - 84 మధ్య దక్షిణ భారత పాఠశాలల్లో నడిపిన బెంగళూరు ప్రాజెక్టు ప్రతిపాదించింది. సమస్యను ఛేదించే పనిలో విద్యార్థి నిమగ్నమైతే భాష వెంట వస్తుందన్నది దాని సారం. అన్వయ పద్ధతి, ఈ పద్ధతి పైకి భిన్నమైనవి. మొదటిది వాక్యాన్ని విప్పుతుంది, రెండవది పనిని అప్పగిస్తుంది. అర్థం లేని పఠనాన్ని నిరాకరించడంలో మాత్రం రెండూ ఒకటే.

8. ప్రతివాదం - ఇంగ్లిషు ఎవరి ఆకాంక్ష?

మాతృభాషా బోధనకు అనుకూలమైన ఏ వాదమైనా ఒక ప్రశ్నకు సమాధానం చెప్పాలి. తమ పిల్లలను ఇంగ్లిషు బడులకు పంపినవారు పేదల పిల్లలకు తెలుగును సిఫారసు చేయడం న్యాయమా? కంచ ఐలయ్య వంటి ఆలోచనాపరులు దళిత బహుజనులకు ఇంగ్లిషు విముక్తి సాధనమని వాదించారు. వర్షాధార సేద్యం మీద నమ్మకం సడలిన పీఠభూమిలో ఈ ఆకాంక్ష మరింత బలమైనది. ఇక్కడ ఇంగ్లిషు ప్రతిష్ఠాచిహ్నం కంటే ముందు నేల నుంచి బయటపడే దారి.

ఈ ఆకాంక్షను గౌరవించడమంటే దానికి తగిన ఫలితం ఇవ్వడం. ఈ ప్రాంత సాహిత్య చరిత్రలో ఒక దృష్టాంతం ఉంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853 - 1912) 'విషాద సారంగధర'తో తెలుగులో విషాదాంత నాటకానికి ఆద్యుడయ్యాడు. పాశ్చాత్య నాటకాన్ని అర్థం చేసుకున్న ఇంగ్లిషు పరిచయం అందుకు తోడ్పడింది. అయితే ఆ ఇంగ్లిషు తెలుగు, సంస్కృత, కన్నడ పాండిత్యం మీద నిలిచినది. ఆ పాండిత్యం అతనికి వంశపారంపర్యంగా అందుబాటులో ఉన్న చదువు. తొలితరం విద్యార్థికి ఆ పునాదిని ఇల్లు ఇవ్వలేదు. బడే ఇవ్వాలి. కాబట్టి ఆ దృష్టాంతం ఇంగ్లిషును నిరాకరించడానికి పనికిరాదు. పునాది లేకుండా ఇంగ్లిషును వడ్డించడాన్ని ప్రశ్నించడానికి పనికివస్తుంది. మాతృభాషను పునాదిగా నిలపడం, ఇంగ్లిషును పరభాషగా శ్రద్ధతో నేర్పడం - ఇవి పరస్పర విరుద్ధాలు కావు. రెండవది మొదటిదానిపై ఆధారపడుతుంది. 2009 విద్యాహక్కు చట్టం, 2020 జాతీయ విద్యావిధానం ఆచరణ సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధన జరగాలన్నాయి. ఈ సూచనను ఇంగ్లిషు వ్యతిరేకతగా చదవనవసరం లేదు.

9. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

- అనంతపురం గ్రామాల్లో ఇంగ్లిషు ఆచరణలో విదేశీ భాష. తృతీయ భాష, మాధ్యమం, విదేశీ భాష అన్న మూడు గుర్తింపులను సమన్వయించకుండా మాధ్యమాన్ని మార్చడం వల్ల భాష, విషయజ్ఞానం రెండూ కంఠస్థ పాఠాలవుతున్నాయి.

- చదవడాన్ని తెలుసుకోవడంగా భ్రమించే స్థితిని 1823 నాటి క్యాంప్‌బెల్ నివేదిక, గురజాడ నాటకం వేర్వేరు కాలాల్లో, వేర్వేరు భాషల సందర్భంలో గుర్తించాయి. లోపం భాషలో లేదు, అర్థాన్ని వదిలిన బోధనలో ఉంది.

- విద్యార్థి దోషాలు మాతృభాషా నిర్మాణం నుంచి వచ్చినవి గనుక వాటి సవరణకు మాతృభాష అవసరం. స్థానిక వ్యవహారంలో స్థిరపడిన ఇంగ్లిషు పదజాలం, సేద్యపు అనుభవం బోధనకు తొలి మెట్టు కాగలవు.

- ద్విభాషా పాఠ్యపుస్తకం సరైన దిశలో వేసిన అడుగు. అన్వయాన్ని, స్థానిక మాటను, కన్నడ, ఉర్దూ, లంబాడీ గృహభాషలను అది ఇముడ్చుకోవలసి ఉంది.

- తెలుగు, ఇంగ్లిషు అధ్యాపకులు వేర్వేరు విభాగాలుగా ఉండటం వల్ల తులనాత్మక బోధన ఎవరి బాధ్యతా కాకుండా పోతోంది. ఉపాధ్యాయ శిక్షణలో ఈ రెండు విభాగాలు కలిసి పనిచేయడం అవసరం. తెలుగు పరిశోధకులు ఈ పనిని తమ పరిధిలోనిదిగా స్వీకరించాలి.